చెంప కాడ ఇంకొంచెం

మలేషియాలో తెలుక్ ఇంటాన్ అనే ఊళ్లో ఉండే మా మావయ్య ఎప్పుడు చూసినా ఒక కన్ను మూసే ఉండేవాడు. జబ్బేమీ కాదు. చీపురు దొరికినా, గరిటె దొరికినా, ఫోటో తియ్యమని సెల్ఫీ కర్ర ఇచ్చినా ఎడమ చెంపకు ఆనించి గురి చూసేవాడు.

ఆయనది ఎడమచేతి వాటం. లైసెన్సు తీసి కొన్న పాత వేట తుపాకి కుడిచేతి వాళ్లకు చెక్కినది. దాని చెక్కను తన చెంపకు సరిపడేలా మార్చుకుంటానని రబ్బరు చెట్టు కర్ర తెచ్చుకుని వరండాలో కూర్చున్నాడు. ఆయన చెక్కుతూనే ఉన్నాడు, అడవిపందులు పెరటి వెనక కర్రపెండలం తవ్వుకు తింటూనే ఉన్నాయి.

"ఏటయ్యా, పందులకి మనవలు కూడా పుట్టేసినారు. నీ చెక్క ఇంకా అవనేదా?" అనేది అత్త.

"చెంప కాడ ఇంకొంచెం అరగదియ్యాల లా," అనేవాడు, అక్కడి వాళ్లలా చివర 'లా' తగిలించి, శాండ్ పేపర్ ఆపకుండా.

చివరికి అత్త పోరు పడలేక ఓ సాయంత్రం తుపాకి పట్టుకుని పెరట్లోకి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. పామాయిల్ చెట్ల నీడలోంచి తల్లి పంది వచ్చింది, వెనకే చారల పిల్లలు. మావయ్య చెంప ఆనించి, ఒక కన్ను మూసి గురి చూశాడు. పిల్లలు కడుపునిండా తినేదాకా అలాగే ఉండి, తుపాకి దించేశాడు.

"చెంప కాడ గుచ్చుకుంటంది," అన్నాడు నాకేసి చూడకుండా.

వరండాలోకి వచ్చాక ఆ చోటు తడిమి చూశాను. అత్త చేతి గాజులా నున్నగా ఉంది.

"ఏటిరా, గరుగ్గా నేదా?"

"ఉంది మావయ్యా," అని శాండ్ పేపర్ అందించాను.