సావెత్ వేలి మీది నలుపు

ఫ్నోంపెన్‌లో మా సంత చివర సావెత్‌ది చేపల పులుసు, బియ్యపు సేమ్యా బండి. పక్కనే నా ఐస్ కాఫీ. పొద్దున్నుంచీ అరటిపువ్వు తరిగి తరిగి ఆమె చూపుడువేలు దాని కర పట్టి నల్లబడిపోయింది. ‘‘నూనె రాసుకు తరగవే తల్లీ’’ అంటే వినదు. కత్తి జారుతుందట! మొండిఘటం.

ఆమెకు ఒక్కడే కొడుకు, రతనక్. విలేఖరి. ఓటు వేయని వాళ్ల పేరున కూడా ఓట్లు పడుతున్నాయని రాశాడు. పత్రిక మూయించారు, వీణ్ణి జైల్లో పెట్టారు. ఇంతలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఓటేసిన వాళ్ల చూపుడువేలు నల్లసిరాలో ముంచుతారు, అది ఓ పట్టాన పోదు. ఓటుకు పోకండి, వేలు తెల్లగా ఉంచుకోండని రతనక్ స్నేహితులు చెవుల్లో చెప్పి వెళ్లారు. సావెత్ ఓటుకు పోలేదు. ఆ రోజంతా నా పక్కనే కూర్చుంది, నేనే సాక్ష్యం.

మర్నాడు మా పేట పెద్ద, సర్కారు మనిషి ఖేమ్రా వేళ్లు చూస్తూ వచ్చాడు.

‘‘ఏదీ, చెయ్యి చూపించు పిన్నీ! భేష్, ఓటేశావన్నమాట. విదేశీ రాయబారులు మా పెద్దల పీక మీద కూర్చున్నారు. విలేఖరుల్ని వదలకపోతే వాళ్ల దేశాలు మన మిల్లుల బట్టలు కొనవట. ఒకరిద్దర్ని వదులుతారులే. ఇంట్లోవాళ్ల బుద్ధి చూసి.’’

సావెత్ ఆ చేత్తోనే వాడికో గిన్నె అందించింది. వాడి మొహం మండ, అది అరటిపువ్వు కరని నేనూ చెప్పలేదు.

సాయంత్రం కొడుకు స్నేహితులొచ్చారు. ఆ వేలు చూసి, ముందున్న గిన్నెలు తోసేసి లేచిపోయారు. నాకు ఒళ్లు మండింది.

‘‘నిమ్మచెక్క పెట్టి రుద్దవే! కరయితే పోతుంది, సిరా పోదు. వాళ్లకి తెలియాలి!’’

‘‘వాళ్లలో ఖేమ్రా మనిషి ఎవడో నీకు తెలుసా అక్కా?’’ అంది సావెత్.

ఏమో, నాకేం తెలుసు? ఈ రోజుల్లో ఎవరిని నమ్మాలి?

తర్వాత రాయబార కార్యాలయం నుంచి ఒక దొరసాని వచ్చింది, వెంట ఆమె మాట మన భాషలో చెప్పే మన ఊరివాడొకడు. ‘‘ఓటేయమని ఎవరైనా బెదిరించారా?’’ అని అడిగించింది. సావెత్ ఆ వెంట వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసింది. ‘‘లేదు. నేనే వెళ్లి వేశాను’’ అంది. మర్నాడు సర్కారు పత్రికలో ఆమె ఫొటో వేశారు, నల్లవేలితో సహా.

ఆ వారంలోనే రతనక్‌ను వదిలిపెట్టారు. ఇంటికొచ్చాడు గానీ, ఆ ఫొటో చూసి తల్లి పెట్టిన కంచం ముట్టలేదు. నేనిక ఆగలేకపోయాను. తలుపు గడియవేసి, సావెత్ వేలు పట్టుకుని నిమ్మచెక్కతో బరబరా రుద్దాను. నలుపంతా ఊడి వచ్చింది.

‘‘చూడరా! మీ అమ్మ ఓటెయ్యలేదు! నీ కోసం అబద్ధమాడింది!’’

వాడు ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. మొహం పాలిపోయింది.

‘‘వేయని ఓటు వేశానని చెప్పావా అమ్మా? నేను జైలుకు పోయింది అలాంటి ఓట్ల గురించి రాసే కదా! ఇప్పుడు నా రాత అబద్ధమనడానికి వాళ్లు నీ మాటే చూపిస్తున్నారు.’’

‘‘అయితే నిన్ను లోపలే కుళ్లనివ్వాల్సిందా?’’ సావెత్ కేక పెట్టింది.

వాడు కంచం దగ్గరికి లాక్కుని, తలెత్తకుండా తినడం మొదలుపెట్టాడు. ఏడుస్తున్నాడని మా ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.