నేను కనిపెట్టిన జామరు

మా అక్కకు కుదరబోయిన సంబంధాన్ని అక్షరాలా నీటిపాలు చేయబోయిన ఘనురాలిని నేనే. పనిలో పనిగా మా మేడలోని ఆరు కుటుంబాల చేత ఫోన్లలో ఫొటోలన్నీ చెరిపించాను కూడా. మీరు విని నవ్వుకోండి. మా అక్క దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి.

బర్మాలో సైన్యం గద్దెనెక్కి, యాంగోన్ అట్టుడికిపోయిన ఏడాది అది. మొబైల్ డేటా కట్టేశారు. పబేడాన్‌లోని మా సందులో వైరు ఇంటర్నెట్ ఉన్నది ఎదురు మేడలో ఉండే పెద్దమ్మ ఒక్కర్తికే. ఫోన్ల రిపేరు దుకాణంలో ఆరు నెలలు పనిచేసిన నేను, ఉపగ్రహాలు ఎగరేసినంత పొగరుతో ఉన్నాను. రెండు చిన్న డిష్‌లు తెచ్చి, ఆవిడ బాల్కనీలో ఒకటి, మా బాల్కనీలో ఒకటి ఎదురెదురుగా బిగించాను. ఇంటర్నెట్ గాల్లోంచి మా మేడలోకి దూకింది. అందరూ నన్ను ఇంజనీరమ్మా అన్నారు.

ఆ రోజుల్లో ఆడవాళ్లు కట్టుకునే లుంగీలను, అంటే థమీన్లను, వీధికి అడ్డంగా తాళ్లమీద వేలాడదీసేవారు. వాటి కింద నడిస్తే మగవాడి బలం పోతుందని అక్కడి నమ్మకం, సైనికులు జంకేవారు. మా సందులో ఆ తాడు కట్టిందీ నేనే, మా బాల్కనీ నుంచి పెద్దమ్మ బాల్కనీకి. ఇక అందరూ పొద్దున్నే ఉతికిన థమీన్లు దానిమీదే ఆరేయసాగారు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున లింకు పడిపోయేది, మధ్యాహ్నానికి తనే లేచేది. మీకు అర్థమైపోయిందా? నాకు కాలేదు. వైర్లు మార్చాను. బాల్కనీలోంచి అరిచాను.

“పెద్దమ్మా, డిష్ కాస్త ఎడమకి తిప్పు!”

“ఎవలి ఎడమే? నీదా, నాదా?”

“నీదే!”

“తిప్పినాను. ఇప్పుడది మా వంటింటికేసి సూస్తంది.”

నాలుగో రోజున తీర్పు చెప్పేశాను: “ఇది సైన్యం పని. సిగ్నల్‌ను అడ్డుకునే జామరు పెట్టారు.”

కింది అంతస్తు ఊ టిన్, పాతకాలపు బడిపంతులు, పాలిపోయాడు. సైనికులు వీధిలో ఆపి ఫోన్లు వెతికి, నిరసనల ఫొటో దొరికితే పట్టుకుపోతున్న రోజులు మరి. “మన ఫోన్లలోకీ చూస్తారా?” అని బర్మీస్‌లో అడిగాడు.

“చూడొచ్చు” అన్నాను, పెద్ద డాక్టరులా తలాడించి.

సాయంత్రానికి మేడ మొత్తం ఫొటోలు చెరిపేసింది. ఊ టిన్ మనవరాలి పుట్టినరోజు ఫొటోలు కూడా పోయాయి.

ఆదివారం పది గంటలకు మౌల్మీన్ పెళ్లివారు వీడియోలో అక్కను చూడాలి. తొమ్మిదికే అక్క పట్టుచీరలో ఫోను ముందు కూర్చుంది. ఆదివారం కదా, ఉతికిన థమీన్లు అప్పుడే తాడెక్కుతున్నాయి. పదికి పెళ్లికొడుకు తల్లి నోరు తెరిచింది, అలాగే బిగుసుకుపోయింది. లింకు చచ్చింది.

అక్క కళ్లలో నీళ్లు. “నీ జామరుగాడికి సెప్పవే, ఒక్క గంట ఆగమని!”

అమ్మ బాల్కనీలోకి చూసి, “ముందా తడిబట్టలు తీసీయే! లైను కలిస్తే ఆలకి మన లుంగీలే అవుపిస్తాయి” అంది.

సణుక్కుంటూ తాడు లాగాను. నీళ్లోడుతున్న పన్నెండు థమీన్లు లోపలికొచ్చాయి. ఆఖరిది రాగానే ఫోనులోంచి గొంతు: “హలో! అమ్మాయి అవుపిస్తంది!”

నా బుర్ర ఇంకా నమ్మలేదు. పరీక్షించడానికి ఆ బరువైన తడిగుడ్డలన్నీ మళ్లీ తాడెక్కించాను. లైను పోయింది. తీశాను. వచ్చింది. డిష్‌ల మధ్య సిగ్నల్‌ను రోజూ మింగేసింది ఆ తడిగుడ్డలే, మధ్యాహ్నానికి ఆరాక వదిలేసేవి.

“ఇంకోపాలి ఆరేసినావంటే,” అంది అక్క పళ్లు నూరుతూ, “నిన్నే ఆ తాడుకి ఆరేస్తాను!”

అమ్మ కడుపులో మాట దాగదు. కథంతా పెళ్లివారికి చెప్పేసింది. వాళ్లు పడీపడీ నవ్వి, తాంబూలాలకు ఒప్పేసుకున్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ మాత్రం ముందుకొచ్చి ఒక షరతు పెట్టింది: “సిన్నమ్మాయి మా ఇంటికొస్తే రానీండి. మా కరెంటు మీటరు ముట్టుకోకూడదు, అంతే.”

ఊ టిన్ ముందు తల వంచుకుని నిలబడ్డాను. “జామరు లేదని సంతోషించనా, ఫొటోలు పోయాయని ఏడవనా?” అన్నాడాయన. మనవరాలి చేత మళ్లీ కేకు కోయించి ఫొటోలు తీసిచ్చాను. ఆ పిల్లకు ఆ ఏడాది రెండు పుట్టినరోజులు. తాడును ఒక అంతస్తు కిందికి దించాం.

ఆ రోజే అమ్మ తలమీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇక ఏ సైన్యం మీద నింద వేయాలన్నా సరే, ముందు నా లుంగీ ఎక్కడ ఆరేశానో చూసుకుని మరీ వేస్తాను.