పెద్దల్లుడి లైన్లు

ఆఫీసులో అతన్ని మూసాయన అంటారు. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత ముఖం మీదే అన్నారు, ఇప్పుడు ఫోనెత్తి అతనే "నేనండీ, మూసాయన్ని" అని చెప్పుకుంటున్నాడు. అత్తగారింట్లో మాత్రం అతను పెద్దల్లుడు. ఈ కథంతా జరగడానికి కారణం ఆ రెండో హోదాయే కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

పెద్దల్లుడి కంపెనీ ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం ఒక పనిముట్టు తయారు చేస్తుంది. కోడ్‌లో ఏ లైను ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. గుర్తుపెట్టుకోవడం ఒక ఎత్తు, అడిగినవాళ్ళకు అడిగినట్టు చూపించడం ఇంకో ఎత్తు. ఒకాయనకు తేదీ ముందుండాలి, ఇంకొకావిడకు పేరు ముందుండాలి, మరొకరికి ఫైళ్ళ పేర్లు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఎవరికి కావలసిన మూస వాళ్ళు రాసుకోవడానికి ఆ పనిముట్టు లోపల ఒక చిన్న భాష ఉంది. టెంప్లేట్ల భాష. "వివరణ ఉంటే అది చూపించు, లేకపోతే ఫైలు పేరు చూపించు" అన్నంత మాట అందులో ఒక్క లైనులో రాసేయొచ్చు. ఆ భాషను పుట్టించింది పెద్దల్లుడు. పెళ్ళికి ముందు మొదలుపెట్టాడు. పెళ్ళయ్యాక కూడా చాన్నాళ్ళు దానితోనే కాపురం చేశాడని అతని భార్య అంటుంది.

అతనికో రహస్యపు అలవాటు ఉంది. ఆ పనిముట్టులో బ్లేమ్ అని ఒక ఆదేశం ఉంది. పేరు తిట్టులా ఉంటుంది గానీ పని అమాయకమైనదే. ఏ ఫైలు మీద నడిపితే ఆ ఫైల్లోని ప్రతి లైనుకూ ఎడమ పక్కన, దాన్ని ఆఖరున రాసిన మనిషి పేరు చూపిస్తుంది. ప్రమోషన్ పక్క కుర్చీకి వెళ్ళినా, మామగారు తన మాటను చెవిన వేసుకోకపోయినా, పెద్దల్లుడు టెంప్లేట్ల ఫైలు మీద బ్లేమ్ నడుపుకుని కూర్చుంటాడు. పైనుంచి కిందిదాకా తన పేరే. కాసేపు చూసుకుంటే అతనికి కడుపు నిండినట్టుంటుంది. ఇలాంటి పిచ్చి ఎవరికి లేదు చెప్పండి? కొందరు పాత ఫొటోలు చూసుకుంటారు.

చిన్నల్లుణ్ణి ఆ ఆఫీసుకు తెచ్చిందీ తనే. మరదలి భర్త పనిచేసే కంపెనీ మూతపడితే, మరదలు వచ్చి, "బావా, మీరు ఒక్క మాట చెబితే మీ వాళ్ళు కాదంటారా?" అంది. ఆ ముక్కకు ఉబ్బిపోయి, పెద్దల్లుడు టీమ్ లీడర్ దగ్గరకు స్వయంగా వెళ్ళి తోడల్లుడి గురించి గొప్పగా చెప్పాడు. చెప్పినదంతా నిజమే కావడం అతని ఖర్మ.

చిన్నల్లుడు వచ్చిన కొద్దిరోజులకే టీమ్ లీడర్ పెద్దల్లుణ్ణి కాఫీ యంత్రం దగ్గర ఆపి, "మీ తోడల్లుడు బంగారం అండీ. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?" అంది. పెద్దల్లుడు నవ్వాడు. ఆ రోజు కాఫీ చేదుగా ఉందని యంత్రాన్ని తిట్టాడు.

ఇంట్లోనూ అదే వరస. మామగారి ఫోను మొరాయిస్తే బాగు చేసే బాధ్యత ఎప్పుడూ పెద్దల్లుడిది. ఒక ఆదివారం భోజనాల దగ్గర మామగారు ఫోను తీసి, చాచిన పెద్దల్లుడి చెయ్యి మీదుగా చిన్నల్లుడికి అందించారు. "నువ్వు చూడు నాయనా, నువ్వైతే చిటికెలో చేసేస్తావు" అన్నారు. చాచిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక పెద్దల్లుడు ఉప్పు అందుకున్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. కూరలో ఉప్పు ముందే ఎక్కువైందని భార్య అంటే, నీకే అలా ఉందిలే అని కసిరాడు.

ఇదంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఆ తర్వాత వచ్చింది.

"అన్నయ్యా, మీకు అభ్యంతరం లేకపోతే టెంప్లేట్ల భాషను రీఫాక్టర్ చేద్దామనుకుంటున్నా" అన్నాడు చిన్నల్లుడు, కుర్చీ దగ్గరకు లాక్కుని. "బయటికి ఏమీ మారదు. వాడేవాళ్ళకు తేడా కూడా తెలీదు. లోపల సర్దుతానంతే."

సర్దాల్సిన అవసరం ఉందని పెద్దల్లుడికి అందరికంటే బాగా తెలుసు. ఒక కొత్త మాట చేర్చాలంటే ఆరు చోట్ల వేలు పెట్టాలి. వివరణ ఖాళీగా ఉందా లేదా అన్నది కోడ్‌లో ఒక్కో ముక్క ఒక్కో రకంగా తేలుస్తుంది. వచ్చే ఏడాది నేనే చేస్తా అని ఏటా అనుకుంటూనే ఉన్నాడు. కానీ సర్దడమంటే ప్రతి లైనునూ ముట్టుకోవడమే. ముట్టుకున్న ప్రతి లైను పక్కనా చిన్నల్లుడి పేరు పడుతుంది. ఎడమ వరుసలో తన పేరు ఆ చివర నుంచి ఈ చివర దాకా చెరిగిపోతుంది.

"దానికేం, చెయ్యి" అన్నాడు పైకి.

చిన్నల్లుడు చేశాడు. బాగా చేశాడు, అదీ మంట. ఆరు చోట్ల ఉన్నది ఒక్కచోటికి వచ్చింది. తను చెయ్యాలనుకుని చెయ్యనిదంతా కళ్ళ ముందు ఉంది, ఇంకొకరి చేతి మీదుగా.

ఆ కంపెనీలో ఏ మార్పయినా ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే లోపలికి వెళ్తుంది. ఇది ఒప్పుకోవలసిన మనిషి పెద్దల్లుడే. ఇక చూడండి కోడిగుడ్డు మీద ఈకలు పీకడం! ఈ పేరు పొడుగైందన్నాడు. కుదిస్తే పొట్టిదైందన్నాడు. ఇక్కడ ఒక ఖాళీ లైను ఎక్కువ, అక్కడ ఒకటి తక్కువ అన్నాడు. చిన్నల్లుడు అన్నిటికీ "సరే అన్నయ్యా" అని మార్చి పంపాడు, ఒక్కసారీ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండేది. ఓ మాట అని మనసు చల్లబరచుకునేవాడు.

ఆఖరికి చిన్నల్లుడే ఒకటి అడిగాడు. ఖాళీని తేల్చే లైను పక్కన ఇలా రాశాడు: "అన్నయ్యా, ఇక్కడ మీరు వివరణ అంచుల్లోని ఖాళీలు కత్తిరించి, అప్పుడు ఏమైనా మిగిలిందా అని చూశారు. ఎందుకో అర్థం కాలేదు. ఆ ముక్క తీసేశాను, పరీక్షలన్నీ పాసయ్యాయి. ఏమైనా కారణం ఉందా?"

కారణం ఉంది. ప్రతి మార్పుకూ వివరణ రాయమని పనిముట్టు పట్టుబడుతుంది. బద్ధకస్తులు కీబోర్డు మీద ఖాళీ మీట ఒక్కసారి నొక్కి, అదే వివరణ అని పంపేస్తారు. కంటికి ఏమీ కనపడదు గానీ పనిముట్టు లెక్కలో అక్కడ ఏదో ఉంది. ఒకప్పుడు విడుదలల విభాగం ఆవిడ, ప్రతి కొత్త విడుదలతో పంపే మార్పుల జాబితాలో అన్నీ బోడి లైన్లు వస్తున్నాయని తల పట్టుకుంటే, పెద్దల్లుడు ఆ ముక్క పెట్టి ఆవిణ్ణి గట్టెక్కించాడు. ఎందుకు పెట్టాడో పక్కన రాయలేదు. ఆ ముక్క ఎవరైనా తీసేస్తే పట్టిచ్చే పరీక్షా రాయలేదు. ఆ సంగతి తెలిసినవాడు భూమ్మీద తనొక్కడే.

పెద్దల్లుడు ఆ ప్రశ్న చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. బంగారానికి ఒక సొట్ట పడితే ఎలా ఉంటుందో చూద్దామన్న ఆశ అతన్ని ఆ వాక్యం రాయనివ్వలేదు. "చూశాను. బాగుంది" అని రాసి, ఒప్పుకున్నట్టు మీట నొక్కాడు.

మర్నాడు పొద్దున్నే, పుండు కెలుక్కునేవాడిలా, టెంప్లేట్ల ఫైలు మీద బ్లేమ్ నడిపాడు. పైనుంచి కిందిదాకా తన పేరే ఉంది.

మార్పు ఇంకా లోపలికి వెళ్ళలేదేమో అనుకున్నాడు. వెళ్ళింది. వెతగ్గా వెతగ్గా తెలిసింది. బ్లేమ్ పట్టించుకోకుండా దాటేయాల్సిన మార్పుల జాబితా ఒకటి ఉంటుంది. చిన్నల్లుడు తన మార్పును తనే అందులో చేర్చుకున్నాడు. పక్కన, "ఇది సర్దుడు మాత్రమే. రాసినవారు అన్నయ్యే" అని ఉంది.

పెద్దల్లుడి మనసు కరిగింది. వెంటనే లేచి ఆ ఖాళీల సంగతి చెప్పేద్దామని నిజంగానే అనుకున్నాడు. లేచాడు కూడా. అంతలో టీమ్ లీడర్ అందరినీ పిలిచి, చిన్నల్లుణ్ణి పక్కన నిలబెట్టుకుని, "ఎన్నో ఏళ్ళుగా ఎవరివల్లా కానిది చేసి చూపించాడు" అంది. ఎవరివల్లా కానిదట! అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దల్లుడూ కొట్టాడు, అందరికంటే గట్టిగా. కరిగింది కాస్తా మళ్ళీ గడ్డకట్టింది. పేరు వదులుకుని మంచివాడనిపించుకోవడం కూడా వీడికే కావాలా అని పళ్ళు నూరుకుని, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

విడుదల రోజు జాబితా బయటికి వెళ్ళింది. వాడేవాళ్ళందరూ చదివే జాబితా. అందులో సగం చోట్ల చుక్క పెట్టి పక్కన ఏమీ లేదు. విడుదలల ఆవిడ ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. టీమ్ లీడర్ అందరూ చూసే పెద్ద తెర మీద ఫైలు తెరిచి, ఖాళీని తేల్చే లైను దగ్గరకు వెళ్ళి, బ్లేమ్ నడిపింది.

లైను పక్కన పెద్దల్లుడి పేరు.

"ఇది మీదే కదండీ?" అంది టీమ్ లీడర్, తిట్టే గొంతుతో కాదు, ఊరికే అడిగినట్టు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దల్లుడు కళ్ళజోడు సవరించుకున్నాడు. కాదు, వీడు మార్చాడు అనడానికి నోరు తెరిచాడు. అంటే, మరి చూసి ఒప్పుకున్నది ఎవరు అంటారు. నోరు మూసుకున్నాడు.

"కాదండీ, ఆ తప్పు నాది" అన్నాడు చిన్నల్లుడు. "నా మార్పును బ్లేమ్‌లో కనపడకుండా చేశాను, అందుకని అన్నయ్య పేరు వచ్చింది. ఆయన రాసిన ముక్క సరైనదే. నేనే తీసేశాను. ఇప్పుడే సరిచేస్తాను." చేశాడు. పరీక్ష రాశాడు. ఎందుకో కూడా పక్కన రాశాడు. కొత్త జాబితా వెళ్ళేసరికి భోజనాల వేళయింది. అప్పటికి ఆఫీసులో చిన్నల్లుడి మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. తప్పు చేసీ పెరిగాడు! పెద్దల్లుడు ఏ తప్పూ లేనివాడిలా అక్కడే నిలబడి చూశాడు.

అందరూ వెళ్ళాక చిన్నల్లుడు అతని బల్ల దగ్గరకు వచ్చాడు.

"సారీ అన్నయ్యా, అందరి ముందూ మీ పేరు పడింది. మీకు చాలా పాత సంగతి కదా, గుర్తులేక వదిలేసుంటారు. నేనే ఇంకోసారి అడగాల్సింది."

గుర్తులేదు అంటే అయిపోయేది. అతనే దారి చూపించి తలుపు తీసి నిలబడ్డాడు. ఆ మర్యాద కూడా అతని దగ్గర పుచ్చుకోవాలా అని పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. పశ్చాత్తాపం అనుకునేరు, అంత లేదు. ఆ మంటే అతని చేత నిజం చెప్పించింది.

"గుర్తుంది" అన్నాడు.

చిన్నల్లుడికి ముందు అర్థం కాలేదు.

"నేను అడిగినప్పుడు కూడా గుర్తుందా?"

"నువ్వు అడిగినప్పుడు కూడా."

చిన్నల్లుడు బల్ల మీద ఆనించిన వేళ్ళు తీసేసుకున్నాడు. మొదటిసారి అతని ముఖంలో విసుగు లాంటిది కనిపిస్తుందేమోనని పెద్దల్లుడు చూశాడు. అదీ లేదు. "సరే సార్" అని తన చోటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆఫీసులో అన్నీ మామూలే. "సార్, ఇది ఒకసారి చూస్తారా?", "సార్, మీటింగుకు పిలుస్తున్నారు." పని మాటలు, మర్యాదగా. ఎవరూ ఏమీ గమనించలేదు, అక్కడ అందరూ అందరినీ సార్ అనే అంటారు.

ఆదివారం అత్తగారింటికి వెళ్ళాలంటే పెద్దల్లుడికి కాళ్ళు రాలేదు. ఈపాటికి మరదలికి తెలిసే ఉంటుంది, మరదలి నుంచి అత్తగారికి, అక్కణ్ణుంచి మామగారికి పాకే ఉంటుంది అనుకుంటూ గుమ్మం ఎక్కాడు. "రండి బావా, మీ కోసమే అందరూ ఆగారు" అంటూ మరదలు ఎదురొచ్చింది. అత్తగారు ఎప్పటిలాగే కంచం పెట్టారు. మామగారు ఫోను తీసి, ఈసారి ఎందుకో, పెద్దల్లుడికే ఇచ్చారు. ఎవరికీ ఏమీ తెలియదు.

చిన్నల్లుడు ఎదురుగా కూర్చున్నాడు. అందరూ వింటుండగా, నవ్వుతూ, నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

"తీసుకోండి అన్నయ్యా" అన్నాడు.

ఆ పిలుపు ఇంట్లోవాళ్ళ కోసమని అక్కడ ఒక్క పెద్దల్లుడికే తెలుసు. గ్లాసు అందుకుని, తలెత్తకుండా, నీళ్ళు తాగాడు.