నా నడుముకు చింతగింజల ముద్ద

ఐదో తరగతి దాకా నేను బడిలో కూర్చున్నదానికన్నా బెంచీ మీద నిలబడ్డదే ఎక్కువ. ఆ లోటు తీర్చుకుందామనేమో, బడి మానేశాక పాతికేళ్లు నిర్మల్‌లో నేల మీదే కూర్చుని కొయ్యబొమ్మలు చేశాను. ఎనభైల చివర్లో నడుము పట్టేసింది. కూర్చుంటే చాలు, ఎడమకాలి మడమ దాకా మంట. కూర్చోలేని బొమ్మల పనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? నాకా, ఇంకో పని రాదు.

మేం బొమ్మ చేతులూ కాళ్లూ తలా విడివిడిగా చెక్కుతాం. చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి, ఆ ముద్దతో అతికిస్తాం. పగుళ్లు పూడ్చేదీ దాంతోనే. నడుములో ఏదో అరిగిందని కాంపౌండరు అనగానే నా బుర్ర వెలిగింది.

"జర మందంగ పుయ్యవే" అని మా ఆవిడతో నడుమంతా ఆ ముద్ద పూయించుకుని ఎండలో బోర్లా పడుకున్నాను.

బ్రహ్మాండంగా ఆరింది. వంగలేను, తిరగలేను. రంగు వేస్తే అంగట్లో పెట్టొచ్చు. మా ఆవిడ తడిగుడ్డ వేసి నానబెట్టి, వెంట్రుకలతో సహా ఒలుస్తుంటే నా కేకలకు వాడంతా వచ్చింది.

మర్నాడు ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం. నేను దారి పొడుగునా నిలబడే ఉన్నాను. అక్కడ డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుగుకు పట్టి చూశాడు.

"ఎముకల నడుమ మెత్తటి దిండు లెక్క ఒకటి ఉంటది. నీది ఎండిపోయింది."

"దాంట్ల ఏమన్న నింపరాదు సారూ? మా బొమ్మలకు మేం నింపుతం."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"పై దేశాలల్ల గదే చూస్తున్నరు. మెత్తగుండాలె, బరువు మొయ్యాలె, వంగితే పగలొద్దు. గసొంటిది మన దగ్గరికి ఇంక రాలే. నీ ముద్ద వంగుతదా?"

"ఆరినంక వంగది సారూ."

"మరింకేంది? మూడు వారాలు చెక్క మీద పండు. తర్వాత నేల మీద కూసోకు. ఎత్తు బల్ల చేయించుకొని, నిలబడి చెక్కు. చేతులు మంచిగనే ఉన్నయ్ గదా, పరేషాన్ ఎందుకు?"

నిలబడి! బడిలో పంతులు వేసిన శిక్షే మళ్లీ పడింది. అయితేనేం, పని దక్కింది. తిరుగు బస్సులో నడుము నొప్పి నడుముదే, నా నోరు నాదే.

"విన్నవానే? పై దేశం డాక్టర్లు పట్టుకున్న ఉపాయమే నాకూ తట్టింది."

మా ఆవిడ కిటికీ నుంచి చూపు తిప్పకుండానే అంది:

"తట్టింది తియ్. వాళ్లు తోలు లోపట పెడ్తమంటున్నరు, నువ్వు తోలు మీద పెట్టుకున్నవ్. నువ్వు ఎగ్గొట్టిన చదువు గా తోలు మందమే."