బ్లాగులో అడుగు

బ్లాగు మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. తన తరగతిలో ఎవరూ నోరు విప్పకూడదు. ఆయన నేర్పేదేమో భాష!

ఆ తరగతి పెద్దాసుపత్రి కింది అంతస్తులో, శవాల గది పక్కన జరిగేది. ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆసుపత్రిలో పనికి కుదిరినవాళ్ళంతా అక్కడి భాష నేర్చుకోవాలి. నేర్చుకున్నట్టు సర్టిఫికెట్టు ఉంటేనే పని నిలుస్తుంది, లేదంటే గేటు బయటికి దారి. అంచేత డ్యూటీ దిగి, ఫినాయిలు వాసన వదలని చేతుల్తో ఫోన్లు పట్టుకుని కూర్చునేవారు. "మాస్టారూ, ఈ మాటకి అర్థమేంటండీ?" అని ఎవరైనా నోరు జారితే, ఆయన పెదవుల మీద వేలుంచి గోడ మీద అంటించిన కాగితం చూపించేవాడు: 'బ్లాగులో అడుగు.' తరగతి కోసం ఆయన తెరిచిన బ్లాగులో అడిగితే అక్కడే జవాబు రాసేవాడు. ఇద్దరి మధ్యా దూరం ఒక బల్ల.

ఒకరోజు పైఅంతస్తు గొట్టం పగిలి నీళ్ళు మాస్టారి నెత్తిమీదే పడటం మొదలెట్టాయి. అరవడానికి వీల్లేదు కదా! అందరూ ఆదరాబాదరాగా టైపు చేశారు. ఆయన తడిసి ముద్దయి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో వ్యాఖ్యా చదివి జవాబు రాశాడు: 'బాగా రాశారు. కానీ నీళ్ళు ఎవరి మీద పడుతున్నాయో ఒక్కరూ చెప్పలేదు.'

ఈ మౌనవ్రతం అందరికంటే స్ట్రెచరన్నకి ప్రాణాంతకంగా ఉండేది. స్ట్రెచరు తోసే మనిషి. స్పృహ లేని రోగికి కూడా లిఫ్టులో తన ఇంటి సంగతులన్నీ చెప్పే రకం. అక్కడి భాష గడగడా మాట్లాడేస్తాడు. రాయమంటేనే కష్టం. అతని బొటనవేలు ఒక అక్షరం మీద పడితే చుట్టుపక్కల అక్షరాలన్నీ లేచొచ్చేవి.

పైగా లాండ్రీ అత్త ఒకావిడ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే మనిషి. తరగతిలో ఓ మూల, మెడకి గుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. బ్లాగులో మాత్రం పులి. స్ట్రెచరన్న చెమటోడ్చి నాలుగు ముక్కలు పెట్టాడో లేదో, కింద తయారు: 'అల్లుడూ, నువ్వు రాసింది చదివి నా కళ్ళు స్ట్రెచరెక్కాయి. వచ్చి తోసుకుపో.'

"చూశావా వదినా?" అని తరగతిలో తన పక్కన కూర్చునే వంటగది వదిన దగ్గర ఉక్రోషపడేవాడు. "వరండాలో ఎదురుపడితే పలకరింపుగా ఒక్క మాటుండదు. బ్లాగులో మాత్రం నన్ను పిండి ఆరేస్తుంది. ఎంత పొగరు! ఆ మాస్టారి మీద ఆఫీసుకి చెప్పకపోతే చూడు."

చెప్పేవాడే. కానీ ఆ వారంలోనే ఒక ఉదయం, గొంతు డాక్టరు గదికి రోగిని తీసుకెళ్ళమంటే వెళ్ళాడు. స్ట్రెచరు మీద లాండ్రీ అత్త! మెడకి గుడ్డ లేదు. గుడ్డ ఉండేచోట చిన్న గుండ్రటి రంధ్రం. ఊపిరి అందులోంచి వచ్చిపోతోంది. గడ్డతో పాటు గొంతు కూడా ఎప్పుడో తీసేశారని నర్సు చెప్పింది.

స్ట్రెచరన్న లిఫ్టులోకి తోస్తూ స్ట్రెచరుని గోడకి కొట్టించాడు. అతని జేబులో ఫోను మోగింది. బ్లాగులో కొత్త వ్యాఖ్య: 'అల్లుడూ, ఏడుపు మొహం పెట్టకు. ముందు గోడ చూసుకుని తొయ్యి.'

ఆమెను దింపి తిన్నగా టీ బడ్డీ దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ మాస్టారు ఎవరికో వానల సంగతి ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. తరగతి దాటితే ఆయన నోటికి మూత లేదు.

"ఆవిడొక్కర్తే మూగగా కూర్చోకూడదని మా అందరి నోళ్ళూ కుట్టేశారన్నమాట! అంతేనా?"

"టీ చల్లారిపోతుందయ్యా," అన్నాడు మాస్టారు.

ఏడాది చివర పరీక్షాధికారి వచ్చాడు. ఫోనులో బ్లాగు తెరిచి చూసి పెదవి విరిచాడు. "రాతలు సరే. నేను చెవులారా వినాలి. ఒక్కొక్కరూ లేచి మాట్లాడండి. మాట్లాడనివాళ్ళకి సర్టిఫికెట్టు లేదు."

మూలన లాండ్రీ అత్త తల వంచుకుంది. మాస్టారు లేచాడు.

"తప్పు నాదండీ. నాకు చెవుడు. వినపడదు కాబట్టే మాట్లాడనివ్వలేదు. రాతే నేర్పాను, రాతే చూడండి."

"చెవుడున్నవాణ్ణి పాఠాలు చెప్పనివ్వరు, తెలుసా? ఉద్యోగం పోతుంది."

మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ?"

అధికారి విసుగ్గా ముందు వరసలోని స్ట్రెచరన్నని లేపాడు. "నువ్వు మాట్లాడు."

మాటల్లో అయితే స్ట్రెచరన్నకి ఎదురులేదు. నోరు తెరిస్తే ఉద్యోగం ఖాయం. తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. కూర్చుని ఫోను తీసి, ఒక్కో అక్షరాన్నీ దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటూ రాయడం మొదలెట్టాడు. గది మొత్తం ఎదురుచూసింది. చివరికి అధికారి చేతిలోని ఫోను మోగింది.

'అయ్యా, పక్క గదిలోవాళ్ళు కూడా మాట్లాడరు. వాళ్ళని ఎవరూ వెళ్ళగొట్టలేదు. మేం కనీసం రాస్తాం.'

వెంటనే వంటగది వదిన రాసింది. ఆ వెనక అందరూ రాశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. అధికారి అందరినీ కలయజూశాడు. చూపు మూలన, మెడ గుడ్డని గట్టిగా పట్టుకున్న చేతి మీద ఆగింది. తర్వాత ఆయన కూడా కూర్చుని టైపు చేశాడు: 'మూలన ఉన్నావిడ తన పని గురించి రాయాలి.'

జవాబు తక్షణం వచ్చింది: 'అయ్యగారూ, రాయడమెందుకు, చూపిస్తాను. మీ చొక్కా కాలరు చాలా మాసింది. విప్పి ఇచ్చి వెళ్ళండి.'

అధికారి కాలరు తడుముకున్నాడు. 'పాస్. అందరూ,' అని రాశాడు.

ఎవరూ చప్పుడు చెయ్యలేదు. ఆ నిశ్శబ్దంలో మూలనుంచి, ఇస్త్రీ పెట్టె ఆవిరి వదిలినట్టు సన్నటి 'స్స్' వినిపించింది. లాండ్రీ అత్త నవ్వుతోంది.

ఆ సడికి అందరికంటే ముందు తల తిప్పినవాడు చెవిటి మాస్టారే. అధికారి అది చూశాడు. లాండ్రీ ఎటువైపో అడిగాడు, బ్లాగులో.