బిందు అరిచిన మాట

తెలంగాణ సరిహద్దుకు అవతల, హిందీ బడులున్న తర్లగూడలో వాలీబాల్ ఆడి జీతం తీసుకున్న మనిషి ఇంతవరకూ ఒక్కతే, బిందు. ఆ భోగమూ మూడేళ్లే.

భోపాలపట్నం హాస్టల్లో చేతులు కమిలేదాకా బంతి ఎత్తిన పిల్ల, ఇరవై ఏళ్లకే పెద్ద ఊళ్లో ఒక క్లబ్బుకు లిబెరో అయింది. లిబెరో అంటే వెనక నిలబడి, ఎదుటివాళ్లు బాదిన బంతిని నేల తాకకముందే లేపే మనిషి. ఎగిరి కొట్టేది వేరేవాళ్లు, ఫోటోలో పడేదీ వాళ్లే. నేల మీద పడేది మాత్రం లిబెరో.

ఇద్దరి మధ్యకు బంతి వస్తే, తీసుకునే మనిషి గట్టిగా అరవాలి, రెండో మనిషి తప్పుకోవాలి. క్లబ్బులో ఆ అరుపు హిందీలో "మేరా!" బిందుకు హిందీ బడి నుంచీ వచ్చు. కానీ కంగారులో ఆమె నోట వచ్చేది "నాదీ!" హిందీలో నదీ అంటే ఏరు కదా, "ఏ ఏరు బిందూ, ఇంద్రావతేనా?" అని తోటి పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. కోచ్ మాత్రం నవ్వలేదు. అన్నప్పుడల్లా మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తించాడు. ఏడాది తిరిగేసరికి నోరు మాట విన్నది.

మూడో ఏడు చివరి మ్యాచ్. స్పోర్ట్స్ కోటాలో పర్మనెంటు నౌకరీకి మనుషుల్ని ఎంచే ఆఫీసర్లు ముందు వరసలో కూర్చున్నారు. ఆ నౌకరీ వస్తే తల్లి ఉప్పలమ్మ ఏటా తెలంగాణ మిరప తోటలకు కూలికి పోనక్కర్లేదు. అమ్మను ఆ తోటలోంచి బయటికి తీయాలి. బిందు ఆడిందంతా దానికోసమే.

ఆఖరి సెట్లో బంతి ఆమెకూ, అప్పుడే జట్టులోకి వచ్చిన హర్యానా పిల్లకూ మధ్యన దిగింది. రెండేళ్లుగా నొక్కిపెట్టిన మాట తెంచుకుని వచ్చింది.

"నాదీ!"

ఆ పిల్లకు అదేమిటో తెలియదు. తనూ దూకింది. ఇద్దరి బరువూ బిందు కుడి మోకాలి మీద పడింది. ఆపరేషన్ చేసినా కాలు పూర్తిగా మడత పడలేదు. క్లబ్బు మళ్లీ పిలవలేదు, నౌకరీ ఇంకొకరికి పోయింది. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియని పాడు కష్టం!

ఈ మాఘంలో తల్లితోపాటు బిందు కూడా మిరప తోటకు వచ్చింది. పొద్దున్నే మేస్త్రి ఎర్రయ్య సాళ్లు పంచుతూ, "ఈ సాలు ఎవలదే?" అని అడిగాడు.

"మేరా!" అంది బిందు, ఆలోచించకుండానే.

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "ఏందే బిందూ, ఈడ గూడ హిందీయేనా?"

బిందూ నవ్వింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గొంతుక్కూర్చోవడానికి మోకాలు వంగదు, నిలబడి వంగితే కొమ్మల చాటున కింది కాయలు కనబడవు. మధ్యాహ్నానికి అందరూ సాలు కొసకు చేరారు. ఆమె సగంలోనే ఉంది. ఎర్రయ్య గట్టు మీద నుంచి, "ఇట్లయితే రేపటికెల్లి రాకు పిల్లా" అన్నాడు.

ఉప్పలమ్మ తన సాలు ముగించి, నీళ్లైనా తాగకుండా కూతురి సాలుకు అవతలి కొసన కూర్చుని కాయలు కోయడం మొదలుపెట్టింది.

"ఎర్రయ్యన్నా, అది నాది, ఇది గూడ నాదే. పిల్లనేమనకు" అంది.

మోకాలు విరిగిన రోజు కూడా ఏడవని బిందు, అప్పుడు మిరప చెట్ల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఉప్పలమ్మ తల ఎత్తలేదు. ఇంకా సగం సాలు కోయాల్సి ఉంది.