సున్నా రోజు

కిందటి వారం గుత్తి బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. మా పాత ప్రయోగశాలలో ఎలుకల గది చూసుకున్న అన్న చనిపోయాడట. మీలో ఎవరికీ ఆయన తెలియడు. ఆయన ఉండగా నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను.

ముదిగుబ్బ పక్క గొర్రెలు కాచే ఇంట్లో పుట్టిన మనిషి. అనంతపురం ఎండకు గది వేడెక్కితే కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టేవాడు. నేను ఎలుకను తోక పట్టి ఎత్తితే ఊరుకునేవాడు కాదు. "కడుపుతో ఉండాది పాపా, చేతిలోకి తీసుకో" అనేవాడు.

నా పరిశోధన ఎలుక పిండాల నెత్తురు మీద. మొదట్లో ఎర్ర కణాలు పెద్దవిగా, నడుమ కేంద్రకంతో ఉంటాయి. రంగు వేస్తే అది ఊదా చుక్కలా కనిపిస్తుంది. తర్వాత కాలేయంలో పుట్టి వచ్చేవి చిన్నవి, ఆ చుక్క వదిలేసినవి. ఈ మార్పు రెండు మూడు రోజుల్లోనే అయిపోతుంది, కాబట్టి ఒక్క రోజు తేడా వచ్చినా లెక్క తప్పుతుంది.

నా పధ్నాలుగో రోజు స్లైడ్లలో సగం చుక్కలతో నిండి ఉన్నాయి, సగంలో చుక్కలు బాగా తగ్గాయి. మా గైడ్ మేడం చూసి, "అంకెలు అల్లుతున్నావా? సోమవారంలోగా తేల్చు, లేకపోతే మానేయ్" అంది. సరిపోని స్లైడ్లన్నీ చెత్తబుట్టలో వేశాను. అన్న వాటిని ఒక్కొక్కటే ఏరి బల్ల మీద పెట్టాడు.

"వీటి కోసం తల్లిని చంపినాం. పారేస్తే ఎట్ల? నువ్వు యాడ నుంచి లెక్కపెడతాండావు?"

"జతకట్టిన రోజు సున్నా అన్నా."

"సున్నా యేంది? గొర్రెను పొట్టేలు దాటిన పొద్దే మాకు ఒకటి. బోన్ల మీద అట్లే రాసినా."

సగం బోన్ల చీటీలు ఆయన రాసినవే, మిగతావి నేను రాసినవి. ఆయన పధ్నాలుగు నాకు పదమూడు. సున్నా సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఆయనే నేరుగా మేడం దగ్గరికి నడిచాడు. "తప్పు నాది మేడం, పాపది కాదు" అన్నాడు. పక్కనే ఉన్నాను, నోరు తెరవలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తప్పు నాది.

నా పట్టా నాకు వచ్చింది. ఆయన్ని గేటు దగ్గర కాపలాకు మార్చారు. ఆ తర్వాత నేను కనబడినప్పుడల్లా కుర్చీలోంచి లేచి అడిగేవాడు: "పాపా, ఈ పొద్దు వాటికి నీళ్లు మార్చినారా?"

"మార్చారన్నా" అనేసి లోపలికి వెళ్లిపోయేదాన్ని. చాలాసార్లు చూడకుండానే చెప్పాను.